వల్దెమోరా అనే ఇంటిపేరు

పద్మినిని నేను ఇరవై ఏళ్లుగా ఎరుగుదును. సస్కటూన్ యూనివర్సిటీ లైబ్రరీలో ఆమెది రిఫరెన్స్ డెస్క్, నాది పక్క గది. ఎవరైనా వచ్చి ఏదైనా అడిగితే అది ఏ పుస్తకంలో, ఏ పాత పత్రికలో ఉందో వెతికి పెట్టడం ఆమె పని. ఒకసారి ఒక ప్రొఫెసరు 1931 నాటి గోధుమ తెగులు బులెటిన్ కావాలని అడిగి, తర్వాత ఆ సంగతే మర్చిపోయాడు. మూడు వారాలు పోయాక పద్మిని దాన్ని సంపాదించి, ఆయన గదికి వెళ్లి బల్ల మీద పెట్టి వచ్చింది. "అడిగినవాళ్లు మర్చిపోతారు. నాకు మాత్రం మనసు ఊరుకోదు" అనేది.

అరవై మూడో ఏట రిటైరైంది. భర్త సీతారామారావు గారు మసూర్ పప్పు విత్తనాల మీద పరిశోధన చేసినవారు. ఆయన ఇప్పటికీ వారానికి మూడు రోజులు ఆఫీసుకు వెళ్లొస్తారు. కూతురు చరిత మిస్సిసాగాలో మందుల కంపెనీలో ఉద్యోగం చేస్తోంది. పద్మినికి పగలంతా ఖాళీ. ఆ ఖాళీలోకే పక్కింటాయన వచ్చాడు.

ఆయన్ని అందరూ మిస్టర్ వల్దెమోరా అనేవారు. దక్షిణ అమెరికాలోని ఒక దేశం నుంచి ఎనభైల మొదట్లో వచ్చాడు. డెబ్బై ఏడేళ్లున్నా నిటారుగా నడిచేవాడు. ముప్పై ఏళ్లు తాళాల పని చేశాడు. ఆ వీధిలో సగం ఇళ్లకు తాళాలు ఆయన బిగించినవే. చలికాలంలో తెల్లారేసరికి తన వాకిట్లోనే కాక వీళ్ల డ్రైవ్‌వే మీద కూడా మంచు ఎత్తేసి ఉంచేవాడు. భార్య పోయింది. కొడుకు కుటుంబం ఊరికి అవతలి కొసన ఉంటుంది.

కిందటేడు అక్టోబరులో ఒక గురువారం ఆయన కంచె దగ్గర నిలబడి అడిగాడు.

"మీరు లైబ్రేరియన్ కదా, మిసెస్ రావు. ఒక సాయం కావాలి. మా మనవరాలు లూసియా మేలో గ్రాడ్యుయేట్ అవుతోంది. మా ఇంటిపేరుతో చరిత్రలో ఎవరెవరు పేరు తెచ్చుకున్నారో ఒక చిన్న పుస్తకంగా చేసి ఇద్దామని ఉంది. నాకు కంప్యూటర్ రాదు."

"ఎలాంటివాళ్లు కావాలి? రచయితలా, రాజకీయ నాయకులా?"

"అందరూ. పాతకాలం నుంచి మొన్నమొన్నటి దాకా. ఎవరినీ వదలకండి."

పద్మినికి అంతకంటే కావలసింది ఏముంది? ఆ రోజే మొదలుపెట్టింది. రిటైరైనవాళ్లకు కూడా లైబ్రరీ పాత పత్రికలు చూసుకునే వీలు ఇస్తుంది. ఆమెకు స్పానిష్ చదివి అర్థం చేసుకునేంత వచ్చు. ప్రతి గురువారం మధ్యాహ్నం దొరికినవి పట్టుకుని ఆయన వంటింట్లో కూర్చునేది. ఆయన టీ ఇచ్చే పద్ధతి ముచ్చటగా ఉండేదట. కప్పును ముందు వేడినీళ్లతో వెచ్చబెట్టి, టీ పోసి, పిడి సరిగ్గా ఆమె చేతివైపు ఉండేలా తిప్పి పెట్టేవాడు. చక్కెర ఎన్ని చెంచాలో ప్రతిసారీ అడిగేవాడు. జవాబు చెప్పేదాకా ఆమె కళ్లలోకే చూసేవాడు.

నవంబరు చివరికి పదకొండు మంది తేలారు. పదహారో శతాబ్దంలో రెండు ఓడలు పోగొట్టుకుని కూడా ఒక తీరం మొత్తానికి పటం గీసిన నావికుడొకడు. మఠంలో ఉంటూ నూట నలభై మందుమొక్కల బొమ్మలు వేసిన సన్యాసిని ఒకామె. ఒక బానిస స్త్రీని విడిపిస్తూ తీర్పు రాసి పదవి పోగొట్టుకున్న జడ్జి. కొండదారుల సైకిల్ పందేల్లో గెలిచినవాడు. పద్మినికి సన్యాసిని అంటే ఇష్టం కలిగింది. ఆమె గురించి అరగంట చెప్పింది. ఆయన మర్యాదగా విని, చివర్లో ఒక్కటే అడిగాడు.

"1970 తర్వాత ఎవరైనా ఉన్నారా?"

పై వారమూ అదే ప్రశ్న. ఆ పై వారం ఇంకొంచెం వివరంగా. "ఏ పత్రికలు చూశారు? కోర్టు కాగితాలు కూడా ఇంటర్నెట్‌లో ఉంటాయంటారు, అవి మీకు కనిపిస్తాయా? పేరు కొడితే ఫోటోలు వస్తాయా?"

"వెతికేవాళ్లను బట్టి ఉంటుందండీ" అంది పద్మిని నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. "మీలాంటివాళ్లు వెతికితే?"

ఇంటికొచ్చాక ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు. మనవరాలి పుస్తకం కోసం అడిగేవాడు దొరికినవాళ్ల గురించి అడగాలి. ఈయన మాత్రం దొరక్కుండా ఎంతవరకు ఉండొచ్చో అడుగుతున్నట్టుంది.

డిసెంబరు రెండో వారంలో, ఆ దేశంలో సైన్యం ఏలిన రోజుల్లో మాయమైపోయినవాళ్ల కుటుంబాలు నడుపుతున్న ఒక వెబ్‌సైట్ ఆమె కంటబడింది. ఒక రేవు పట్నంలో రహస్య జైలుగా వాడిన ఇంట్లో పనిచేసిన అధికారుల జాబితా ఉంది. అందులో ఒక పేరు: కెప్టెన్ తోమాస్ రివాస్ వల్దెమోరా, 1976 నుంచి 1978. ఆచూకీ తెలియదు.

స్పానిష్ వాళ్లకు రెండు ఇంటిపేర్లుంటాయి. ముందుది తండ్రిది, వెనకది తల్లిది. లెక్క ప్రకారం ఈ కెప్టెన్ రివాస్ కుటుంబంవాడు. అందుకని పద్మిని అతన్ని పక్కన పెట్టేసి తర్వాతి పేజీకి వెళ్లిపోయింది.

రెండు రోజులకు పంటి డాక్టరు దగ్గర కూర్చుని ఉండగా రిసెప్షన్‌లో అమ్మాయి "మిసెస్ రావు" అని పిలిచింది. లేచి నిలబడినదల్లా పద్మిని అక్కడే ఆగిపోయింది. వాళ్ల అసలు ఇంటిపేరు కొల్లూరి. 1989లో కాగితాలు నింపినప్పుడు అధికారి భర్త పేరులో చివరి ముక్క తీసుకుని రావు అని రాసుకున్నాడు. ముందున్న కొల్లూరి ఎటో పోయింది. మూడున్నర దశాబ్దాలుగా ఈ దేశంలో ఆమె మిసెస్ రావే. ఈ దేశానికి పేరులో చివరి మాటే ఇంటిపేరు. మరి రివాస్ వల్దెమోరా అనేవాడు ఇక్కడికి వస్తే ఏమవుతాడు?

ఇంటికి వచ్చి, కోటు కూడా విప్పకుండా వెనక తలుపు దగ్గరికి వెళ్లింది. ఆ తాళం 2011లో పక్కింటాయన బిగించినదే. దాని మీద వెలిసిపోయిన స్టిక్కరు ఇంకా ఉంది. టామ్స్ లాక్స్. తోమాస్‌ను ఇక్కడ టామ్ అంటారు.

ఆ మధ్యాహ్నం ఆ రహస్య జైలు ఇంట్లోంచి బతికి బయటపడ్డ ఆరుగురి వాంగ్మూలాలు చదివింది. అందరికీ కళ్లకు గంతలు కట్టేవారు. ఎవరూ కెప్టెన్ ముఖం చూడలేదు. ఇనెస్ అనే ఆవిడ ఇలా చెప్పింది: "అందరికంటే అతనికే ఎక్కువ భయపడేవాళ్లం. అతను అరిచేవాడు కాదు. ప్రశ్నలు మొదలుపెట్టే ముందు టీ ఇచ్చేవాడు. కప్పు వెచ్చగా ఉండేది. నేను తడుముకోకుండా పిడి నా వేళ్లకు తగిలేలా తిప్పి పెట్టేవాడు. చక్కెర ఎన్ని చెంచాలని అడిగేవాడు."

పద్మిని లేచి వెళ్లి వెనక తలుపుకు అడ్డంగా కుర్చీ పెట్టింది.

సాయంత్రం భర్తతో చెప్పింది. సీతారామారావు గారు నమ్మలేదు.

"ఒకే పేరు గలవాళ్లు ఎంతమంది ఉంటారు పద్మినీ! మా తెనాలిలో కొల్లూరి సీతారామారావులే ముగ్గురుండేవాళ్లు. టీ కప్పు పట్టుకుని మనిషిని హంతకుణ్ణి చేసేస్తావా? ఆయన పదమూడేళ్లుగా మన మంచు ఎత్తుతున్నాడు."

"అందుకేనండీ భయం. పదమూడేళ్లుగా మన ఇంట్లో ఆయనకి తెలియనిది ఏదీ లేదు."

గురువారం వచ్చింది. వెళ్లకపోతే అనుమానిస్తాడని వెళ్లింది. కప్పు, పిడి, చక్కెర. అన్నీ మామూలే.

"1970 తర్వాత?"

"ఎవరూ లేరండీ. ఒక ఫుట్‌బాల్ రిఫరీ ఉన్నాడు, అంతే."

ఆయన చక్కెర డబ్బాకు మూత పెట్టాడు. "మీరు మంచి లైబ్రేరియన్, మిసెస్ రావు. మంచి లైబ్రేరియన్లు లేదని ఇంత తొందరగా చెప్పరు." తర్వాత మామూలు గొంతుతో, "మీ వెనక తలుపు తాళం పాతబడింది. వచ్చి మారుస్తాను" అన్నాడు.

"వద్దండీ. బాగానే ఉంది."

"బాగానే ఉందని నాకూ తెలుసు."

ఆ మర్నాడే ఆమె వెబ్‌సైట్ నడిపే ఆ కుటుంబాల సంఘానికి ఉత్తరం రాసింది. నాలుగు రోజులకు ఇనెస్ నుంచే జవాబు వచ్చింది. ఆవిడకు ఇప్పుడు డెబ్బై ఒకటి. "నేను అతన్ని చూడలేదు. ఫోటో నాకు పనికిరాదు. గొంతు వినిపించండి. స్పానిష్‌లో మాట్లాడాలి" అని రాసింది.

చరితకు ఫోనులో చెబితే ఆ పిల్ల భయపడిపోయింది. "అమ్మా, ఆర్ యూ సీరియస్? పోలీసుకి రిపోర్ట్ చెయ్యి, అంతే. ప్లీజ్ డోంట్ గో దేర్ అగైన్."

"ఏమని రిపోర్ట్ చెయ్యమంటావే? మర్యాదగా టీ ఇస్తున్నాడనా?"

అయినా కూతురి మాట సగం విని, ఈసారి తాను వెళ్లకుండా ఆయన్నే తన ఇంటికి రమ్మంది. ఆ గురువారం భర్తను ఆఫీసుకు వెళ్లనివ్వలేదు. ఫోనులో రికార్డింగ్ ఆన్ చేసి కందిపప్పు డబ్బా వెనక నిలబెట్టింది. పుస్తకం పూర్తి కావచ్చిందని, పేర్లు ఎలా పలకాలో కింద రాస్తే లూసియాకు బాగుంటుందని, ఒక్కసారి పైకి చదవమని అడిగింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని పన్నెండు మంది పేర్లు, వాళ్ల ఊళ్లు, చేసిన పనులు తన భాషలో నెమ్మదిగా చదివాడు. నావికుడు, సన్యాసిని, జడ్జి. నాలుగు వందల ఏళ్ల వల్దెమోరాలు ఆ గొంతులోంచి ఒక్కొక్కరే వెళ్లారు. పద్మిని పెన్సిల్ పట్టుకుని రాస్తున్నట్టు కూర్చుంది.

చదవడం అయ్యాక కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు.

"ఒక పేరు తక్కువైంది కదూ, మిసెస్ రావు?"

సీతారామారావు గారు పక్క గదిలోంచి లేచి వచ్చి భార్య కుర్చీ వెనక నిలబడ్డారు. "తక్కువైతే మీరే చెప్పండి సార్, చేరుస్తుంది" అన్నారు.

వల్దెమోరా ఇద్దరినీ చూసి, టీ తాగడం ముగించి, కప్పు సింకులో కడిగి బోర్లించి వెళ్లాడు.

రికార్డింగ్ పంపిన ఆరు రోజులకు ఇనెస్ ఒకే వాక్యం రాసింది: "రెండో పేరు దగ్గరే ఆపేశాను, ఇక వినలేకపోయాను, అతనే." తర్వాత సంఘం వాళ్ల లాయర్లు ఆ కాగితాలన్నీ రాజధాని ఒట్టావాకు పంపించారు. పద్మిని సాక్షిగా తన పేరు, చిరునామా ఇచ్చింది. పేరు దాచమంటారా అని అడిగితే అక్కర్లేదంది.

ఫిబ్రవరి అంతా అధికారులెవరూ రాలేదు. ఆ నెలే అన్నిటికంటే కష్టమైనదని ఆమె అంటుంది. చలి మైనస్ ముప్పై ఐదుకు పడిపోయింది. అయినా రోజూ తెల్లారి లేచి చూస్తే వాళ్ల డ్రైవ్‌వే మీద మంచు ఎత్తేసి ఉండేది. ఒక ఉదయం మెయిల్ బాక్సులో చిన్న కవరు కనబడింది. లోపల ఒక తాళంచెవి, ఒక చీటీ. "మీ వెనక తలుపుది. 2011 నుంచి నా దగ్గర ఉంది. ఇక నాకు అవసరం లేదు." సీతారామారావు గారు ఆ రోజు వేరే మనిషిని పిలిపించి ఇంట్లో ఉన్న తాళాలన్నీ మార్పించారు. ఆయన ఆ తర్వాత వాదించలేదు.

ఏప్రిల్‌లో ఇద్దరు అధికారులు, వాళ్లతో ఒక దుబాసీ పక్కింటికి వచ్చారు. నాలుగు గంటలు కూర్చున్నారు. అబద్ధం చెప్పి పౌరసత్వం పొందాడని దాన్ని రద్దు చేసే కేసు మొదలైంది. పేపర్లో ఫోటో పడ్డాక లూసియా వచ్చి బెల్లు కొట్టింది. ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల ముఖం ఉబ్బిపోయి ఉంది.

"ఇది మీరే చేశారా ఆంటీ?" ఆ పిల్ల చిన్నప్పటి నుంచి వీళ్లింట్లో తిరిగి ఆంటీ అనడం నేర్చుకుంది.

"నేనే అమ్మా."

"నాకు సైకిల్ నేర్పింది ఆయనే. ఆయన ఎప్పుడూ నామీద గొంతు పెంచలేదు."

ఆ చివరి మాట ఇనెస్ కూడా చెప్పిందే. పద్మిని ఆ పిల్లను కూర్చోమంది. లూసియా కూర్చోలేదు.

సెప్టెంబరులో జరిగిన విచారణలో పద్మిని రెండు గంటలు సాక్ష్యం చెప్పింది. ఇనెస్ వీడియోలో మాట్లాడింది. తీర్పు ఇంకా రాలేదు. వచ్చినా అప్పీలుంటుందని, ఏళ్లు పడుతుందని లాయర్లు అంటున్నారు. అప్పటిదాకా వల్దెమోరా తన కొడుకు ఇంట్లో ఉండొచ్చు. వారానికొకసారి అధికారుల దగ్గరికి వెళ్లి సంతకం పెట్టాలి. ఆ ఇల్లు పద్మిని ఇంటికి కారులో పన్నెండు నిమిషాలు. కొన్నాళ్లు మిస్సిసాగా వచ్చి ఉండమని చరిత బతిమాలింది. పద్మిని కదల్లేదు.

పోయిన శనివారం కూరగాయల కొట్టు పార్కింగులో ఆమెకు ఆయన ఎదురయ్యాడు. చేతిలో రొట్టె సంచి ఉంది. ఆగి, కొంచెం తల వంచి, "గుడ్ మార్నింగ్, మిసెస్ రావు. మీ వారు కులాసాయేనా?" అన్నాడు. పద్మిని జవాబు చెప్పలేదు. పక్కకు తప్పుకోనూ లేదు. కొడుకు వచ్చి ఆయన్ని కారెక్కించుకుని మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడింది. తర్వాత లోపలికి వెళ్లి వంకాయలు, కొత్తిమీర తీసుకుని ఇంటికి వచ్చింది.