అర షట్టర్ పుట్టిన గల్లీ

మొన్నొక మధ్యాహ్నం ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కాను. వెళ్లాల్సిన పనేమీ లేదు. పని లేనప్పుడు ఇంట్లో కుదురుగా కూర్చోలేని జబ్బు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది; దుకాణంలో పెరిగిన వాళ్లకు ఎదురుగా మనుషులు వస్తూ పోతూ ఉండకపోతే ఊపిరాడదు. చైతన్యపురిలో వీపున కోచింగ్ సంచులతో ఇద్దరు పిల్లలు ఎక్కి, నా పక్కనే నిలబడి, ఆ రోజు రాకుండా ఎగ్గొట్టిన స్నేహితుణ్ని తిట్టుకోవడం మొదలుపెట్టారు. "వాడు అర షట్టర్‌గాడు రా. ఒస్తా అంటడు, రాడు. రానని గూడ చెప్పడు," అన్నాడొకడు. ఆ మాట ఏదో ఫోన్ గేములోంచి వచ్చిందని రెండోవాడు మహా ధీమాగా వివరించాడు. నేను ముళ్ల మీద కూర్చున్నట్టు అటూ ఇటూ కదిలాను. ఆ మాట ఏ గల్లీలో, ఎవరి నోట, ఎవరిని తిట్టడానికి పుట్టిందో చెప్పేద్దామని నోరు తెరిచేసరికి దిల్‌సుఖ్‌నగర్ వచ్చేసింది. ఒక్క స్టేషన్ దూరంలో తెమిలే సంగతి కాదది. పైగా ఆ తిట్టు మొదట తిన్నది నేనే. మాటల మీద కిరాయి వసూలు చేసే పద్ధతంటూ ఉంటే, ఈపాటికి నేనొక అంతస్తు లేపేదాన్ని.

తెలంగాణ రాకముందు రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో చీరలు కొన్నవాళ్లకు మా గల్లీ గుర్తుండే ఉంటుంది. మెయిన్ రోడ్డు మీది పెద్ద దుకాణాల ధరలు విని బెదిరిన వాళ్లంతా ఆ సందులోకి తిరిగేవారు, మేము వాళ్లకోసమే కాచుకుని ఉండేవాళ్లం. మా నాన్న నల్గొండ పక్క పల్లె నుంచి సైకిల్ మీద బట్టల మూటతో వచ్చి, వీధి వీధీ తిరిగి అమ్మి, చివరికి ఆ గల్లీలో ఒక షట్టర్ కిరాయికి తీసుకున్నాడు. నేను నడక నేర్చింది చీరలు పరిచే పరుపు మీదే. అక్షరాల కంటే ముందు నేర్చింది, గిరాకి దుకాణం మెట్టు దిగేటప్పుడు ఎంతసేపు ఆగి వెనక్కి పిలవాలన్న విద్య. వెంటనే పిలిస్తే మనం అలుసైపోతాం, ఆలస్యం చేస్తే పక్క దుకాణం వాళ్లు పిలుచుకుంటారు.

మా పక్కది మ్యాచింగ్ జాకెట్ల దుకాణం, కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్లది. మా ఇళ్లలో నాన్న తమ్ముణ్ని చిన్నాయన అంటాం కానీ, ఆయన ఆ వైపు మనిషి గనుక ఆయన్ని వాళ్ల భాషలోనే బాబాయి అని పిలిచేవాళ్లం. చీర మా దగ్గర, జాకెట్ ఆయన దగ్గర, ఎదురుగా అరుగు మీద మిషను వేసుకుని ఫాల్సు కుట్టి పీకో చేసే అక్క దగ్గర ఆ రెండూ పూర్తయ్యేవి. మా గల్లీలో మాటలన్నీ ఆ అక్క నోటనే పుట్టేవి. దుకాణమంతా విప్పించి, నురగ తెప్పించి, ఏమీ కొనకుండా వెళ్లే గిరాకిని ఆవిడ కుంకుడుకాయ అనేది. ఎన్ని పండగలు వచ్చినా అమ్ముడుపోకుండా అల్మారాలో తిష్ఠ వేసిన చీరను మేనత్త అనేది, చుట్టపుచూపుగా వచ్చి ఇక కదలదని. పొద్దున ఆవిడ అన్న మాట సాయంత్రానికి గల్లీ చివరిదాకా పాకేది, పండగకల్లా వనస్థలిపురం ఆడవాళ్లు అదే మాట మా మీద వాడేవారు.

అలాంటి గల్లీలోకి ఉద్యమం వచ్చింది. వచ్చిందనడం తప్పేమో, మా ఇళ్లలో అది ఎప్పటినుంచో ఉన్నదే, ఆ యేడు రోడ్డెక్కింది. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి ఏమిటో టీవీ చెప్పాలి. బస్సులు ఉంటాయో ఉండవో తెలియదు, పెళ్లిళ్లు పెట్టుకున్న వాళ్లు చీరలు కొనాలో ఆగాలో తెలియదు, నాకైతే కూర్చోవాలో నిలబడాలో కూడా తెలిసేది కాదు. రాష్ట్రం రావాలని నాకు గట్టిగానే ఉండేది. ఎల్బీనగర్ చౌరస్తాలో దీక్షా శిబిరానికి వెళ్లి కూర్చునేదాన్ని, గొంతు పోయేలా జై కొట్టేదాన్ని. కానీ గిరాకి వచ్చిందని కబురొస్తే నా కాళ్లు నా మాట వినేవి కావు, ఆటో ఎక్కించి దుకాణానికి తీసుకొచ్చేసేవి.

బంద్ రోజున షట్టర్ పూర్తిగా ఎత్తితే తప్పు, పూర్తిగా దించితే పొయ్యి వెలగదు. అందుకని గల్లీ గల్లీ అంతా షట్టర్లు సగానికి దించి ఉంచేవాళ్లం. గిరాకులు నడుం వంచి లోపలికి దూరేవారు. ర్యాలీ కేకలు దగ్గరపడగానే మిగతా సగం కిందికి లాగేసి, చీకట్లో ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం. సిగ్గులేకుండా చెబుతున్నాను, నా జీవితంలో అంత సులువుగా బేరాలు తెగిన రోజులు మరి లేవు. గిరాకి చేతిలో ఉండే ఒకే ఒక ఆయుధం లేచి వెళ్లిపోవడం. షట్టర్ దిగాక ఎటు వెళతారు? ఒకరోజు నేను శిబిరం నుంచి పరుగున వచ్చి, మెడలో కండువా తీయకుండానే షట్టర్ కింద దూరుతుంటే ఫాల్సు అక్క మిషను ఆపి గల్లీకంతా వినిపించేలా అంది:

"గీమె అర షట్టర్ పిల్ల. జై కొట్టెటప్పుడు బయటుంటది, గిరాకి ఒస్తె లోపటుంటది. పూర మూయదు, పూర తెరవదు!"

అదీ ఆ మాట పుట్టుక. సాయంత్రానికి చాయ్ తెచ్చేవాడు కూడా నన్ను అదే పేరుతో పిలిచాడు.

గిరాకి లేని బంద్ రోజుల్లో మా పరుపు మీద ఇంకో పని జరిగేది. మా తమ్ముడికి గొంతుంది. మా దుకాణంలో చీరలు చూపించే తుర్కయంజాల్ అతనికి డప్పు వచ్చు. బాబాయి కొడుకు కీబోర్డు వాయించేవాడు. చిన్నప్పటి నుంచి ముగ్గురూ ఆ గల్లీలో కలిసి తిరిగినవాళ్లే, వినాయకుడి మండపం దగ్గర కలిసి పాడినవాళ్లే. షట్టర్ సగం దించుకుని వాళ్లు ఉద్యమం పాటలు కట్టుకుంటుంటే బయట జనం వంగి చూసి వెళ్లేవారు. ఆ పాటల సంగతి చివరికి శిబిరం దాకా పోయింది. చౌరస్తాలో ఆటపాటల ధూంధాం పెడుతున్నాం, రమ్మని కబురొచ్చింది. తమ్ముడు ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఎవరైనా వాళ్లను నిజమైన వేదిక మీదికి పిలవడం అదే మొదలు.

మర్నాడు శిబిరం చూసుకునే, అందరూ పెద్దన్న అని పిలిచే ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "పాట మంచిగుంది చెల్లె. కని ఆ పెట్టె వాయించే పిలగాడు ఆంధ్రోళ్ల పిలగాడంట గదా. ఆయనను ఇడిసి రాండ్రి," అన్నాడు. చెడ్డవాడు కాదాయన, చెప్పడానికి ఆయనకే మొహమాటంగా ఉంది. కానీ ఆ అబ్బాయిని ఒక్కసారి వదిలేసి వెళితే ఆ పరుపు మీదికి మళ్లీ రాడని, మా రెండు దుకాణాల మధ్య గోడ అంతకంత ఎత్తవుతుందని నాకు తెలుసు. బ్యాండ్ పోతే పోయింది, పక్కింటి పిల్లాడు పోతాడు.

నాకు చేతనైంది బేరం ఒక్కటే గనుక అదే మొదలుపెట్టాను. "సరే అన్న, అయితె మేం రాలేం, పోయొస్త," అని లేచి, గిరాకులు నా మీద వాడే ఎత్తే ఆయన మీద వాడుతూ, వెనక్కి పిలుస్తాడని నెమ్మదిగా నడిచాను. పిలవలేదు. డేరా దాటాను, పిలవలేదు. రోడ్డు దాకా వచ్చాను, వెనక అలికిడి కూడా లేదు. ఇక చేసేదేమీ లేక, నీళ్ల సీసా మరిచిపోయినట్టు నటిస్తూ తిరిగి వెళ్లాను. సీసా నా చేతిలోనే ఉంది. పెద్దన్న దాన్ని చూశాడు, నన్ను చూశాడు, నవ్వాపుకోలేకపోయాడు. ఆ నవ్వులో చోటు చూసుకుని చెప్పాను: వస్తే ముగ్గురూ వస్తారు, వాళ్లతోపాటు మా గల్లీ ఆడవాళ్లందరినీ తెచ్చి దీక్షలో కూర్చోబెడతాను, లేదంటే ఎవరమూ రాము. ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే తియ్. వాయించనీ. కని మందికి కనవడొద్దు. ఎవడన్న లొల్లి జేస్తె నాతోని కాదు," అన్నాడు.

సగం తెగింది. రెండో సగం బాబాయి. ఆయన గల్లా పెట్టె ముందు తల ఎత్తకుండా కూర్చుని, "మీవాళ్లు మంచోళ్లే అమ్మాయ్, కాదన్లేదు. కానీ గుంపులో ఎవడో ఒకడు రాయేస్తే ఎవరికి చెప్పుకోను? అది పోనీ, మా వాళ్లు చూస్తే నన్ను బతకనిస్తారా? ఏరా, నీ కొడుకు అక్కడెందుకున్నాడ్రా అంటారు," అన్నాడు. ఆయన గొంతులో భయం విని బేరం మానేసి బతిమాలాను. ఎప్పటికో, వాడి మొహం ఎవరికీ కనపడకపోతే సరేనన్నాడు. నేను లోలోపల గంతులేశాను. కొనేవాడూ అమ్మేవాడూ ఒకే ధర అడిగిన బేరం నాకెన్నడూ తగల్లేదు మరి!

ఆ అబ్బాయికి చెబితే నవ్వి, "అయితే రెండు వైపులా నన్ను చూడకుండానే కొనేశారన్నమాట. మూట విప్పకుండా బేరం కుదిర్చావక్కా, గట్టిదానివే," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ నవ్వు తొందరగా ఆగిపోయింది. "నాదీ ఒక బేరం ఉంది. మొహం వద్దంటే వద్దు. నా చేతులు మాత్రం కనపడాలి. లేకపోతే క్యాసెట్టు పెట్టారనుకుంటారు."

ఆ ధర నేను తగ్గించమని అడగలేదు.

ధూంధాం సాయంత్రం వేదిక మీద ఓ మూలన రెండు కర్రలు పాతి, మా అల్మారాలోని మేనత్తల్లోకెల్లా ముసలిదైన చిలకపచ్చ చీర కట్టాము. అది అతని ఛాతీ దాకా దిగి ఆగింది. కింద కీబోర్డు, దాని మీద రెండు చేతులు, అంతే కనిపిస్తున్నాయి. మా తమ్ముడు బృందానికి ఒక గంభీరమైన పేరు కట్టుకుని వచ్చాడు. అందులో పోరు ఉంది, గళం ఉంది, మట్టి ఉంది, ఒక్క గుక్కలో చెప్పలేనంత పొడుగుంది. మైకు పట్టుకున్నతను పేరేమిటని వంగి అడుగుతుండగానే, ముందు వరసలో కూర్చున్న మా ఫాల్సు అక్క ఆ సగం వేలాడే చీరను చూసి, "అగో, ఈడ గూడ అర షట్టర్ పెట్టిండ్రు సూడుండ్రి!" అని అరిచింది. గల్లీ ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. మైకతనికి అదే పేరనిపించింది. ఇప్పుడు మన ముందుకు వస్తోంది అర షట్టర్ బృందం అని చౌరస్తా అంతా మోగిపోయింది. మా తమ్ముడి మొహం చూడాలి, వారం రోజులు కష్టపడి పెంచిన మీసం గీకేసుకున్నవాడిలా ఉన్నాడు.

బృందం పాట అందుకుంది. డప్పు కింద కీబోర్డు సన్నగా తీగలా సాగుతుంటే నేను కూర్చోలేక, నిలబడలేక, డేరా గుంజ చుట్టూ తిరుగుతున్నాను. రెండో చరణంలో గాలి లేచింది. చీర చెంగు రెపరెపలాడి అతని గడ్డం దాకా ఎగిరింది. వెనక నుంచి ఎవడో, "ఆ ఎనక దాసుకున్నది ఎవడ్రా? ముఖం సూపియ్యమను!" అని లేచాడు. పక్కన ఇంకో ఇద్దరు లేచారు. పెద్దన్న నావైపు చూశాడు. అప్పుడు ఫాల్సు అక్క లేచి వెళ్లి, ఎగిరే చెంగును గట్టిగా పట్టుకుని నిలబడింది. "మా గల్లీ పిలగాడు. గంత సూడబుద్దయితె దుకాణంకొచ్చి ఈ చీర కొనుక్కో, అప్పుడు ఇప్పుత. ఏండ్ల సంది ఎవ్వడు కొంటలేడు!"

జనం విరగబడి నవ్వారు. లేచినవాళ్లు కూడా నవ్వి కూర్చున్నారు. ఆ గొడవలో నేను గమనించినదొకటే, చీర కింద ఆ చేతులు ఒక్క క్షణం కూడా ఆగలేదు.

ఆ తర్వాత వనస్థలిపురం శిబిరం, తుర్కయంజాల్ శిబిరం, ఇంకా ఎక్కడెక్కడో అదే చీర తెరగా కట్టి పాడారు. ఆ పేరు వాళ్లతోపాటు డేరా డేరాకీ తిరిగింది. ఎటూ తేల్చని మనిషిని, ఎటూ తేలని రోజును, చివరికి ఢిల్లీ నుంచి వచ్చే ప్రతి ప్రకటననూ జనం అర షట్టర్ అనడం మొదలుపెట్టారు.

రాష్ట్రం ఖాయమైన రోజు గల్లీలో పటాకులు కాలుతుంటే బాబాయి తన షట్టర్ తానే సగానికి దించుకుని లోపల కూర్చున్నాడు. మా నాన్న వెళ్లి, దాన్ని పైదాకా ఎత్తి, ఆయన పక్కన కూర్చుని చాయ్ తెప్పించుకున్నాడు. ఆ సాయంత్రం గల్లీ మధ్యలో ముగ్గురూ తెర లేకుండా వాయించారు. అందరూ అతని మొహమే చూశారు. అతనికి ఎటు చూడాలో తెలియక పాటంతా కీబోర్డు మెట్ల మీద నుంచి కళ్లెత్తలేదు.

ఎవరూ పోట్లాడుకోలేదు, ఎవరూ ఎవరినీ పొమ్మనలేదు. తమ్ముడు ప్లాట్ల వ్యాపారంలో పడ్డాడు, డప్పు అతను సొంత దుకాణం పెట్టుకున్నాడు, బాబాయి వాళ్లు వనస్థలిపురం మారిపోయారు, అబ్బాయి అక్కడ బడిలో సంగీతం చెబుతున్నాడు. ఫాల్సు అక్క మిషను ఉన్న అరుగు మీద ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. అక్కడ కొత్త మాటలేవీ పుట్టడం లేదు.

పోయిన శ్రావణంలో బాబాయి కొడుకు భార్యను తీసుకుని మా దుకాణానికి వచ్చాడు. నేను పొంగిపోయి పరుపంతా చీరలు పరిచాను. అప్పట్లో నువ్వు అనేవాడు, ఇప్పుడు మీరు అన్నాడు. పెద్దదాన్నయ్యాను గదా అనుకున్నాను. ఆ అమ్మాయి ఒక చీర ఎంచుకుంది. బేరానికి చోటు ఉంచి, మా వాళ్లందరికీ చెప్పినట్టే కాస్త ఎక్కువ చేసి ధర చెప్పాను. అతను గల్లీ పిల్లాడు, ఆ కాస్త ఎంతో అతనికి నాకంటే బాగా తెలుసు. "ఏందక్కా, మాక్కూడానా" అంటాడని, నేను కళ్లెర్ర చేస్తానని, అతను లేచి మెట్టు దాకా వెళతాడని, నేను పిలుస్తానని, నోట్లో తగ్గింపు ధర పెట్టుకుని కూర్చున్నాను.

అతను మర్యాదగా నవ్వి, ఫోన్ తీసి, చెప్పినంతా కట్టేశాడు.

ఆనాడు అతణ్ని ఎవరు ఏమనుకుంటారోనని మూడు వైపులా తిరిగి బేరమాడాను. ఇప్పుడు తెర లేదు, అడిగేవాడూ లేడు, గొడవా లేదు. కానీ మా దుకాణంలో చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చి వెళ్లేది పరాయివాళ్లే. వాళ్లు మెట్టు దిగాక, ఎంతసేపు ఆగి పిలవాలన్న లెక్క మరిచిపోయి వెంటనే గల్లీలోకి పరుగెత్తాను. అప్పటికే ఇద్దరూ రోడ్డు దాటి మెట్రో మెట్లు ఎక్కుతున్నారు.