గట్టయ్య మూడో ప్రశ్న

నాంపల్లిలో గట్టయ్య దగ్గర ఏ వస్తువైనా బాగు చేయించుకోవాలంటే చేతిలో పైసలుంటే చాలదు, పరీక్ష పాసవ్వాలి. స్టవ్వు కానివ్వండి, టార్చిలైటు కానివ్వండి, తాళం కప్ప కానివ్వండి, ఆయన అరగంటలో బాగుచేసి, శుభ్రంగా తుడిచి, ఎదురుగా పెట్టుకుని కూర్చుంటాడు. మీరు చెయ్యి చాచారా, దాని మీద తన చెయ్యి పెట్టేస్తాడు. "జర ఆగు. గిది ఎట్ల పనిచేస్తదో చెప్పి తీస్కపో" అంటాడు. చెప్పలేకపోతే మర్నాడు రావాలి. మర్నాడూ చెప్పలేకపోతే ఎల్లుండి. వస్తువు మీదే, డబ్బు కట్టిందీ మీరే. అయినా అంతే.

స్టేషన్ దగ్గర డ్యూటీ చేసే జవాను రాజనర్సు టార్చిలైటు పదిహేను రోజులు ఆ దుకాణంలోనే ఉండిపోయింది.

"బటన్ నొక్కితె వెలుగు యాడికెల్లి వస్తది?" అన్నాడు గట్టయ్య.

"బ్యాటరీలకెల్లి."

"బ్యాటరీ పగలగొట్టి చూస్తె నల్లటి మసి తప్ప ఏం లేదు గదా. మరి వెలుగు ఏడ దాసుకున్నది?"

రాజనర్సు మీసం మెలేశాడు. "ఏయ్, నేను పోలీసోణ్ని. సవాళ్లు అడిగేది నేను, జవాబు చెప్పేది నువ్వు!"

"గట్లనే అడుగు. నేను చెప్త."

పాపం పద్నాలుగో రోజుకు రాజనర్సు దిగొచ్చి అడిగి, విని, నేర్చుకుని, మర్నాడొచ్చి అప్పజెప్పి టార్చి తీసుకుపోయాడు. ఆ తర్వాత దొంగలెవరైనా చిక్కితే, ఠాణాకు తీసుకుపోయే ముందు వాళ్లకు టార్చి ఎలా వెలుగుతుందో చెప్పేవాడని గల్లీలో అనుకునేవారు.

దీనివల్ల గట్టయ్యకు జరిగిన నష్టం ఏమిటంటే, పాసైనవాళ్లు మళ్లీ ఆ దుకాణం మొహం చూసేవారు కాదు. ఎందుకు చూస్తారు? వాషరు ఎప్పుడు మార్చాలో, పిన్ను ఎలా పొడవాలో ఆయనే నేర్పి పంపాడాయె. "తన గిరాకీని తానే తరుముకునే దుకాణం హైదరాబాదు మొత్తంలో ఇదొక్కటే" అని పక్క కొట్లవాళ్లు నవ్వేవారు. గట్టయ్య కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఫ్లోరాకు ఒళ్లు మండేది.

ఫ్లోరా ఆబిడ్స్‌లో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసేది. తండ్రి మెదక్ మిషన్ బడిలో పంతులు. ఒకసారి ఇన్‌స్టిట్యూట్ మిషను మొరాయిస్తే రిక్షాలో వేసుకుని గట్టయ్య దగ్గరికి తెచ్చింది. మామూలుగానే పరీక్ష పెట్టాడు. ఆ పిల్ల మీటకూ అచ్చుకూ మధ్యనున్న కమ్మీలన్నీ వేలితో చూపిస్తూ గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. గట్టయ్య లేచి నిలబడ్డాడు. "పదేండ్లల్ల మొదటి దెబ్బకే పాసైంది నువ్వొక్కదానివే బిడ్డా" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన ఆమెకు కాకా అయ్యాడు. ఆమెకు మాత్రం ఒకటే కుతూహలం. ఈ మనిషి ఎందుకిలా పరీక్షలు పెడతాడు?

అడిగితే "తెల్సుకుంటె ఏం పోతది?" అనేవాడు. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. మూడో తరగతితో చదువాగిపోయిన మనిషి పంతులు కావాలన్న కోరిక ఇలా తీర్చుకుంటున్నాడని ఆమె అనుకుంది. పంతులు కూతురికి అంతకన్నా ఏం తోస్తుంది?

యాభైమూడులో ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చిన ఇంగ్లీషు పత్రికలో ఒక ప్రకటన ఆమె కంటబడింది. యూరపులో ఒక సంఘంవాళ్లు, సామాన్య జనానికి రోజూ పనికొచ్చే కొత్త పరికరం ఏ దేశంవాళ్లు కనిపెట్టినా అంతర్జాతీయ బహుమతి ఇస్తారట. బంగారు పతకం, దాంతోపాటు నెల రోజులు అక్కడి ఫ్యాక్టరీలన్నీ తిప్పి చూపిస్తారట. ఫ్లోరా పత్రిక పట్టుకుని నాంపల్లి దాకా దాదాపు పరుగెత్తింది.

పతకం మాట గట్టయ్య చెవికెక్కనే లేదు. "స్టవ్వులు చేసే కార్ఖానా గూడ చూపిస్తరా?" అన్నాడు.

"చూపిస్తరట కాకా."

"లోపటికి పోనిస్తరా?"

"లోపటికే."

గట్టయ్య ఒక పాత స్టవ్వు ఇత్తడి ట్యాంకు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "గిది చూడు. అతుకు లోపటి దిక్కున్నది. గీ బొక్కల నా వేలు గూడ పట్టది. మరి చెయ్యి పోని కాడ అతుకు ఎట్ల పెట్టిన్రు? ఇరవై ఏండ్ల సంది గీ ఒక్క సవాలే నన్ను తింటున్నది బిడ్డా."

ఊరందరినీ పరీక్షించే మనిషి కూడా ఒక ప్రశ్న దగ్గర తప్పి కూర్చున్నాడని ఫ్లోరాకు ఆరోజే తెలిసింది. ఎలాగైనా సరే ఈయనకు ఆ కార్ఖానా చూపించి తీరాలని పట్టుబట్టింది.

పంపడానికి వస్తువు సిద్ధంగానే ఉంది. పంపు స్టవ్వుకు గట్టయ్య ఒక కొత్త మూత చేశాడు. ట్యాంకులో గాలి హద్దు దాటితే ఆ మూత ఈల వేస్తుంది. స్టవ్వు పేలకముందే హెచ్చరిస్తుందన్నమాట. ఫ్లోరా పదకొండు పేజీలు టైపు చేసి, బొమ్మలు అతికించి, ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో రిజిస్టరు చేసింది. రెండు నెలలకు జవాబు వచ్చింది. మొదటి వడపోతలో మూత నెగ్గింది! ఇక ఆరు నెలల తర్వాత ఒక అధికారి వచ్చి చూస్తాడు. ఒక్కటే షరతు. అప్పటిదాకా నమూనా ఒక్కటే ఉండాలి, అది ఎలా పనిచేస్తుందో బయటివాళ్లెవరికీ చెప్పకూడదు.

ఆ షరతును ఫ్లోరా రెండుసార్లు చదివింది. చెప్పకూడదు! ఎవరు? గట్టయ్య! ఆయన నోట్లో నువ్వుగింజ నానదని నాంపల్లికంతా తెలుసు.

"ఆర్నెల్లు ఎవరికీ చెప్పొద్దు కాకా."

"ఒక్కరికి గూడనా?"

"ఒక్కరికి గూడ."

"వాళ్లే అడిగితె?"

"అడిగినా చెప్పొద్దు."

"అడగకుంటె?"

"అడగకుంటే అసలే చెప్పొద్దు!"

మొదటి నెలంతా గట్టయ్యకు కడుపుబ్బరం. వాము నమిలాడు, సోడాలు తాగాడు, ఏం లాభం? స్టవ్వు పట్టుకుని ఎవరొచ్చినా నోటికి అడ్డంగా రుమాలు కట్టుకుని కూర్చునేవాడు. "పన్ను నొస్తున్నదా?" అంటే తల ఊపేవాడు. "నెల రోజులాయె, ముప్పై రెండు పండ్లు వరసగ నొస్తున్నయా ఏంది?" అని రాజనర్సు నిలదీస్తే, దానికీ తల ఊపాడు.

దసరా ముందర స్టేషన్ బయట మిర్చిబజ్జీలు వేసే పోశవ్వ స్టవ్వు పేలింది. కొంగు అంటుకుంది. మనవరాలు పక్కనే ఆడుకుంటోంది. దేవుడి దయ, దానికేం కాలేదు. పోశవ్వ మాత్రం మోచేతిదాకా పట్టీలతో అఫ్జల్‌గంజ్ దవాఖానలో వారం రోజులుంది. ఫ్లోరా బత్తాయిలు పట్టుకుని చూడబోతే, గట్టయ్య అప్పటికే మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. పోశవ్వ చేతి పట్టీలకేసే చూస్తున్నాడు.

ఆ తర్వాత చిత్రంగా ఆయన కడుపుబ్బరం తగ్గిపోయింది. రుమాలు తీసేశాడు. వాము మానేశాడు. "పాపం, అలవాటు పడ్డాడు" అనుకుంది ఫ్లోరా. ఎంత తెలివైన పిల్లయినా ఒక్కోసారి ఇంతే.

ఆరు నెలలూ గడిచాయి. అధికారి వామన్‌రావు సంఘం తరఫున చూడవచ్చిన, ఖైరతాబాదులో ఉండే రిటైరైన ఇంజనీరు. నల్లకోటు, నల్లటోపీ, చంకలో ఫైలు. సాయంత్రం నాలుగింటికి రమ్మని ఆయనకు రాసింది ఫ్లోరాయే. ఆయన మూత విప్పాడు, కొలిచాడు, బిగించాడు, గాలి కొట్టి ఈల విన్నాడు. రెండుసార్లు "భేష్" అన్నాడు. ఫ్లోరా కళ్ల ముందు అప్పుడే ఓడ కదిలింది.

"ఇక చివరి మాట. ఈ మూత లోకం మొత్తంలో ఇదొక్కటే కదా అమ్మా?"

"ఒక్కటే సార్."

గోడ వెనక నుంచి ఈల వినబడింది.

"అదేమిటి?"

"పక్కనే స్టేషన్ కదా సార్. గార్డు."

ఎడమవైపు ఇంట్లోంచి ఇంకో ఈల.

"ఇద్దరు గార్డులా?"

"పెద్ద స్టేషన్ సార్."

ఎదురింటి మిద్దె మీంచి మూడో ఈల. వామన్‌రావు తలెత్తి చూశాడు. "మిద్దె మీద కూడా రైలు నడుస్తుందా?"

ఫ్లోరా గట్టయ్య వైపు చూసింది. ఆయన కళ్లు మూసుకుని వేళ్లు మడుస్తున్నాడు. "అయిదు, ఆరు, ఏడు... ఆగింది. జంగమ్మ పాస్." తర్వాత మిద్దెకేసి చెవి రిక్కించాడు. "ఒకటి, రెండు... అయ్యో!" అని వీధిలోకి పరుగెత్తి, "యాదవ్వా! ఫెయిల్! మళ్ల తొందరపడ్డవ్! రేపు మళ్ల చెయ్యాలె!" అని కేకేశాడు.

ఫ్లోరా రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

సంగతి ఆయనే విప్పాడు. పోశవ్వ దవాఖాన నుంచి వచ్చిన రోజునే మొదటి మూత ఆమెకు చేసిచ్చాడు. ఇప్పటికి గల్లీలో ఇరవై రెండు. రోజూ నాలుగింటికి, ఫ్లోరా ఆబిడ్స్‌లో పనిలో ఉండే వేళ, అందరూ వెలిగించని స్టవ్వుకు కావాలని గాలి ఎక్కువ కొట్టి, ఈల మోగించి, ఆపడం ప్రాక్టీసు చేస్తారు. "నాలుగింటికే సారును రమ్మన్నది నువ్వే గద బిడ్డా" అన్నాడు నెమ్మదిగా.

వామన్‌రావు ఫైలు మూసేశాడు. "నియమం నియమమే. బహుమతికి ఇది చెల్లదని రాయాలి. నాకూ బాధగానే ఉంది."

ఫ్లోరాకు ఏడుపొచ్చేసింది. "ఇంకొన్ని దినాలు ఓపిక పట్టరాదా కాకా! కార్ఖానా చూసేటోనివి. బహుమతి వచ్చినంక ఇస్తే వాళ్లు వద్దంటరా?"

"కొన్ని దినాలంటె ఎన్ని పూటలు బిడ్డా? పూటపూటకు పొయ్యి అంటుపెడ్తరు. పోశవ్వ చెయ్యి చూసినంక నా నోరు ఊకోలేదు."

"సరే, మూతలిస్తివి. మళ్ల ఈ పరీక్షలెందుకు? అవి లేకుంటే సారుకు తెలిసేదే కాదు."

గట్టయ్య ఆమెను వింతగా చూశాడు, ఇంత తేలిక ప్రశ్న ఈమె అడిగిందేమిటన్నట్టు. "స్టవ్వు చెడిపోతె నా దగ్గరకు తెస్తరు. పేలేటప్పుడు తెస్తరా? అప్పుడు నేను గాడ ఉంటనా? ఇంట్ల ఉండేది వాళ్లే. వస్తువు సంగతి వాళ్లకే తెల్వాలె."

ఇన్నేళ్లుగా వెతుకుతున్న జవాబు అంత చిన్న మాటలో దొరికేసరికి ఫ్లోరాకు కోపం పోయింది, ఏడుపూ పోయింది. పంతులు కావాలన్న కోరికా లేదు, గొప్పా లేదు. తాను పక్కన లేని వేళ వీళ్ల గతేమిటన్న బెంగ ఒక్కటే, పరీక్ష వేషం వేసుకుని తిరిగింది. అంత మంచి మనిషిని అర్థం చేసుకోవడానికి ఇన్నాళ్లు పట్టిందని సిగ్గుపడింది.

వామన్‌రావు లేచాడు గానీ కదల్లేదు. టోపీ సర్దుకుని, గొంతు తగ్గించి, "మా ఇంటికి కూడా ఒక మూత..." అన్నాడు.

"ఇస్త సార్. జర కూసోన్రి," అని గట్టయ్య స్టూలు జరిపాడు. "ఈల ఎందుకు మోగుతది?"

"ఒత్తిడి ఎక్కువైతే."

"ఏ మర తిప్పితె గాలి పోతది?"

"ఇదిగో, ఇది."

"ఈల మోగంగనె మొట్టమొదలు ఏం చెయ్యాలె?"

"ఆ మర తిప్పాలి."

"ఫెయిల్!"

ముప్పై ఏళ్లు ఇంజనీరుగా చేసిన వామన్‌రావు నోరు తెరిచాడు.

"పొయ్యి పక్కన ఎవరున్నరో చూసి, పిల్లలుంటె దూరం జరపాలె. మర తర్వాత," అన్నాడు గట్టయ్య. "గందుకే అయిదు లెక్కబెట్టకముందు ఈల ఆగితె ఫెయిల్ జేస్త. మీ ఇంట్ల వంట చేసేదెవరు సార్?"

"మా ఆవిడ."

"ఆమెను తీస్కరాన్రి."

మర్నాడు ఆవిడ రిక్షాలో వచ్చి మూడు ప్రశ్నలకూ జవాబులు చెప్పి మూత పట్టుకుపోయింది. వామన్‌రావు బయట నిలబడి ఎదురుచూశాడు.

ఆ వారమే గట్టయ్య ఫ్లోరా చేత యూరపుకు ఉత్తరం రాయించాడు. రూలు తప్పిన మాట నిజమే, మన్నించాలి. మూత ఎలా చేయాలో మీ దగ్గర ఎలాగూ ఉంది, మీ ఊరి ఆడవాళ్లకు కూడా చెప్పండి. చెప్పాక ఈ మూడు ప్రశ్నలు తప్పకుండా అడగండి. స్టవ్వు ట్యాంకు లోపలి అతుకు ఎలా పెడతారో కూడా వీలైతే తెలుపండి.

నాలుగు నెలలకు సంఘం కార్యదర్శి స్వయంగా జవాబిచ్చాడు. ఫ్లోరా చదివి తెలుగులో చెప్పింది. "బహుమతి ఇయ్యలేకపోతున్నందుకు విచారం అంటున్నడు కాకా. అతుకు సంగతి కంపెనీవాళ్లను అడిగితే, అది రహస్యం, చెప్పేది లేదన్నరట."

గట్టయ్య మొహం చిన్నబోయింది. "వాళ్లకు గూడ తెల్వది గావచ్చు, పాపం" అన్నాడు.

"నీ ప్రశ్నలకు జవాబులు రాసిండు. మొదటి రెండు సరిగ్గనే రాసిండు. మూడోదానికి మర తిప్పాలని రాస్తుంటే భార్య ఆయన చేతుల నుంచి కలం గుంజుకున్నదట. మొదలు పొయ్యి పక్కన కూసున్న వాళ్లమ్మ కుర్చీ దూరం జరుపుతనన్నదట."

"ఎవరి అమ్మ?"

"ఆయన అమ్మ."

"అంటె ఆమెకు అత్త?"

"ఔ కాకా."

గట్టయ్య తొడ చరిచి లేచాడు. "మొట్టమొదలు అత్తను జరుపుతనన్నదా! ఎక్కించు బిడ్డా మిషనుకు కాగితం. ఆయన ఫెయిల్, ఆమె ఫస్ట్ క్లాస్ పాస్ అని రాయి. ఒక మూత గూడ పంపుదాం. ఆమె పేరు మీదనే పంపాలె, ఆయన చేతికియ్యొద్దు!"