చీనీ చెట్లకు వేసిన బోరు

ఈ రోజు యాడికి ఊరి దగ్గర మా తోటలో బోరు వేయించాం. ఎండిపోతున్న చీనీ (బత్తాయి) చెట్లకు అదే ఆఖరి ఆశ. ఉత్తరాన మంచుదేశంలో, ఒక పరిశోధనా కేంద్రంలో పనిచేసే మా తమ్ముడు వీడియో కాల్‌లో చూస్తూ కూర్చున్నాడు. అక్కడ ఇంకా తెల్లారలేదు. గదిలోనే ఉన్నా ఉన్ని టోపీ తీయలేదు. మంచులోకి గొట్టం దించి లోపలి పొరలు బయటికి తీయడం వాడి పని.

మధ్యాహ్నం దాటినా మా బోరులోంచి తెల్లటి దుమ్మే లేస్తోంది. నాయన నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"ఏమప్పా, నువ్వు ఆడ తవ్వితే ఏమొస్తాది?"

"మంచు నాయనా."

"ఇంకా లోతుకు పోతే?"

వాడు తప్పు చేసినవాడిలా, "ఇంకా మంచే నాయనా" అన్నాడు.

నాయన ఫోన్ నా చేతికిచ్చి, బోరు లారీ వాళ్ల వైపు తిరిగి, "చాలప్పా, రాడ్లు పైకి తీసేయండి" అన్నాడు. చెట్ల వైపు చూడకుండా ఇంటికి నడిచాడు. లారీ వెళ్లిపోయేదాకా తమ్ముడు ఫోన్ పెట్టేయలేదు.

మీ వైపు ఈ ఏడు ఎవరికైనా బోరులో నీళ్లు పడ్డాయా? పడుంటే కింద రాయండి. నాయనకు చదివి వినిపించనులెండి, ఊరికే నాకోసం.