కప్పులేని కోట

రేపల్లెలో తాపీ మేస్త్రి శాలేమురాజు కూతురు దీవెన. మూడేళ్లుగా తెనాలిలో ఒక నగల దుకాణానికి నమూనాలు గీస్తోంది. ఎన్ని జుంకాలు, ఎన్ని గాజులు గీసినా, మనసుపెట్టి గీసింది మాత్రం ఒక్క లాకెట్టే. అది అపొస్తలుడైన తోమా కథలోంచి పుట్టింది.

బైబిల్లో లేని ఆ కథను చిన్నప్పుడు నాన్న చెప్పేవాడు. ఒక రాజు తోమాకు బంగారమిచ్చి కోట కట్టమన్నాడట. తోమా అదంతా బీదలకు పంచేశాడట. కోట ఏదని రాజు నిలదీస్తే, "పరలోకంలో కట్టాను" అన్నాడట. అది విన్నప్పుడల్లా దీవెనకు గోడలు లేచి కప్పు పడని ఇల్లు కళ్లముందు మెదిలేది. అందుకే లాకెట్‌లో సన్నని తీగతో రెండు గోడలు, ఒక గుమ్మం మాత్రమే పెట్టింది. మిగతా కోట పరలోకంలో ఉందన్నట్టు పైన ఖాళీగా వదిలేసింది.

బాపట్లలో నగల ప్రదర్శనకు వెళ్లేసరికి తమ దుకాణం అద్దాల పెట్టెలో ఆ లాకెట్ కనిపించింది. గుమ్మం నిండా ఎర్రరాళ్లు పొదిగి, పైన బంగారు గోపురం అతికారు. కింద చీటీ మీద 'రూపకల్పన: మధుబాబు' అని ఉంది. మధుబాబు దుకాణం యజమాని కృష్ణకాంత్ మేనల్లుడు. ఏనాడూ పెన్సిల్ పట్టి ఎరగడు.

దీవెనకు ఒళ్లు మండిపోయింది. "ఏంటి సార్ ఇది?"

"బోడిగా ఉందమ్మా, ఎవరు కొంటారు?" అన్నాడు కృష్ణకాంత్ తాపీగా. "పేరంటావా, మేస్త్రి కూతురు గీసిందంటే పెద్దింటివాళ్లు మెళ్లో వేసుకోవద్దూ?"

"ఆ పెద్దిళ్లు కట్టింది మేస్త్రులేనండి."

అంతలో నిర్మల అనే రిటైర్డ్ టీచరమ్మ లాకెట్ చూసి, "బాబూ, దీని కథేంటి?" అని మధుబాబును అడిగింది.

"మోడరన్ డిజైనండి," అన్నాడతను.

దీవెన ముందుకొచ్చి తోమా కథంతా చెప్పింది. "ఇది గీసింది నేనండి. గోపురం మాత్రం నాది కాదు. అది పెడితే ఇక ఆ కథే లేదు."

"గోపురం తీసి ఇస్తారా?" అని అడిగింది టీచరమ్మ.

"కుదరదండి," అన్నాడు కృష్ణకాంత్.

దీవెన మెడలోని దుకాణం ఐడీ కార్డు తీసి అద్దాల పెట్టె మీద పెట్టింది. నిర్మల టీచర్ ఫోన్ నంబరు రాసుకుని రేపల్లె బస్సెక్కింది.

గోపురం లాకెట్లు ఇప్పటికీ తెనాలిలో మధుబాబు పేరుతోనే అమ్ముడవుతున్నాయి. దీవెన ఇంటిదగ్గరే వెండితో కప్పులేనివి చేస్తోంది. మొదటిది నిర్మల టీచరే తీసుకుంది. ఎవరైనా ఆ గోపురందాన్ని మెచ్చుకుంటే మాత్రం దీవెన ఊరుకోదు. "గీసింది నేను, చెడగొట్టింది వాళ్లు," అని మొహంమీదే చెప్పేస్తుంది.