అరటిపండు గెలిచిన రోజు

ఇప్పుడు అద్దాల మేడలున్న చోట, డెబ్బైల మొదట్లో, బండలూ సీతాఫలం పొదలే ఉండేవి. ఆ బండల మధ్య పిల్లలమంతా ముట్టుడాట ఆడేవాళ్లం. మా చెల్లికి పసితనంలో జ్వరమొచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. పరుగెత్తలేకపోయేది. అందుకని దాన్ని ఆటలో అరటిపండును చేశారు. అరటిపండును ఎవరు ముట్టినా ఔట్ కాదు, అది ఎవరిని ముట్టినా లెక్కలోకి రాదు. ఏడవకుండా ఉండడానికి ఊరికే ఆటలో ఉన్నావని చెప్పడం, అంతే. ఆ ఏర్పాటు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చెల్లి మాత్రం ఏడవలేదు. చదును బండ మీద కూర్చుని ఒక కథ అల్లింది. ఒక రాక్షసుడు ఊరూరా తిరిగి పిల్లలను లెక్కబెడతాడట. లెక్కలోకి వచ్చిన వాళ్లంతా బండలైపోతారట. మా చుట్టూ ఉన్న బండలన్నీ అట్లా అయినవేనట. వాడు లెక్కబెట్టకుండా వదిలేసిన వాళ్లు ముగ్గురే: ఒక కుంటిపిల్ల, ఒక ఒంటికన్ను కోడి, తోక తెగిన కుక్క. ఆ పిల్ల కుక్క మీదెక్కి, కోడి దారి చూపిస్తుంటే రాక్షసుడి గుహకు పోతుంది. అక్కడి తంగేడు పూలు తెచ్చి తాకిస్తే బండలు మళ్లీ పిల్లలై లేస్తాయి.

"అప్పుడు నేను ముడితే లెక్కనే," అనేది చెల్లి.

అన్న, నేను, చెల్లి, మా ముగ్గురిలో బుర్ర ఉన్నది చెల్లికే. దాన్ని బడికి పంపాలని నాకు ఎంతో ఉండేది. శేరిలింగంపల్లి దారిలో ఉన్న బడి నుంచి పేర్లు రాసుకోవడానికి సారు వస్తున్నాడని తెలియగానే, చెల్లిని రోజూ నేనే ఎత్తుకుపోతానని నాయనకు చెప్పి పెట్టాను.

"ఎంతమంది పిల్లలు?" అని సారు అడిగాడు.

"ఇద్దరే సార్," అన్నాడు నాయన.

"ముగ్గురం గదా నాయనా!" అన్నాను నేను.

"నువ్వు ఊకో. దాన్ని ఎన్ని దినాలు మోస్తవే?"

సారు అన్న పేరూ నా పేరూ రాసుకుని, మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. తలుపు వెనక చెల్లి ఉందని నాకు తెలుసు. దాని ముఖం చూడాలంటే భయమేసింది. చూస్తే అది వెలిగిపోతోంది.

"చూసినవా అక్కా, నన్ను లెక్కబెట్టలే! ఇగ మీరిద్దరు బండలైతరు. ఫికర్ జెయ్యకు, నేనొస్త."

మేము బడికి పోయిన మొదటి రోజు చెల్లి పొద్దంతా చదును బండ మీదే కూర్చుందట. అమ్మ అన్నానికి పిలిచినా దిగలేదట. సాయంత్రం మేము పలకలు ఊపుకుంటూ వచ్చేసరికి ఒళ్లో వాడిపోయిన తంగేడు పూలు పెట్టుకుని ఎదురు చూస్తోంది. నా చెయ్యి పట్టుకుని గిల్లి చూసింది. అన్న మోకాలు తట్టి చూసింది.

"మీకేం కాలేదా?"

"ఏమైతది? పాట నేర్పిండ్రు," అన్నాడు అన్న.

చెల్లి తన ఒళ్లోని పూలు కిందికి దులిపేసింది. నేను పలక మీద అక్షరం రాసి చూపిస్తే తల తిప్పుకుంది. ఆ తర్వాత ఎంత బతిమాలినా కథ చెప్పలేదు. ముట్టుడాటకు పిలిస్తే బండ దిగేది కాదు.

"మీరు ఆడుకోండ్రి," అనేది. "నేను ఎట్లైనా లెక్కల లేను గదా."