మారని అంకె

నిన్న దేశ రాజధాని శివారు ద్వారకలోని మా ఫ్లాట్‌లో వాటర్ ప్యూరిఫయర్ చూసే మెకానిక్ వచ్చి వెళ్లాక, దాని పక్కన వేలాడే కార్డు తీసి చూశాను. ఏడాదిగా ఎప్పుడు వచ్చినా నీటి పరీక్ష దగ్గర ఒకటే అంకె, వానాకాలంలోనూ అదే, ఎండాకాలంలోనూ అదే. మామయ్యగారికి అన్నీ అనుమానాలేనని కోడలు నవ్వింది. నిజమే కానీ, ఈ అనుమానం నాకు పుట్టుకతో రాలేదు, ఫరీదాబాద్‌లో చేసిన తొలి ఉద్యోగంతో వచ్చింది.

ఇనుప సామానుకు క్రోమియం పూత వేసే చిన్న ఫ్యాక్టరీలో నేను కెమిస్టుని. తొట్లలో మిగిలే విషపు మడ్డి ఎంతో, దాన్ని ఎక్కడికి పంపామో ఏడాదికోసారి కాలుష్య మండలికి రాసి పంపాలి. ఆ పని నా నెత్తిన పడ్డప్పుడు మేనేజరు కిందటేటి కాపీ నా ముందు పెట్టి, "సాల్ బదల్ దో భయ్యా, బాకీ వహీ రహనే దో" అన్నాడు. సంవత్సరం మార్చు, మిగతాది అలాగే ఉండనీ అని. పాత ఫైళ్లు తిరగేస్తే, నాకు ముందున్నవాళ్లూ ఏటేటా అదే చేశారు. ఆ ఏడు రెండో షిఫ్టు మొదలై పని రెట్టింపయినా, కాగితం మీద మడ్డి కిలో కూడా పెరగలేదు! వెనక గోడ దగ్గర మడ్డి పీపాలు ఇవాళ నిండుగా, రేపు ఖాళీగా కనిపించేవి గాని, లారీ వచ్చిన జాడ నేనెన్నడూ చూడలేదు.

ఆ గోడకు అవతలి వీధిలోనే నా అద్దె గది. ఇంటావిడను దీదీ అనేవాణ్ణి. ఇంటికి రాగానే చేతిపంపు కొట్టి చల్లటి నీళ్లు ఇచ్చేది. ఒకనాడు గ్లాసులో లేత పసుపు కనిపించినట్టయి, ఆ నీళ్లు సీసాలో పట్టి ల్యాబుకు తీసుకెళ్లి మందు చుక్క వేస్తే ఊదారంగు తిరిగింది. క్రోమియమే. ఆ నీళ్లు తాగొద్దని దీదీతో చెప్పాను గాని, ఎందుకని అడిగితే, ఉద్యోగం పోతుందన్న భయంతో రుచి బాగాలేదన్నాను. మదరాసీకి మా నీళ్లు కూడా పనికిరావా అని ఆమె మొహం ముడుచుకుంది. మర్నాడు నేను సంవత్సరం మార్చి సంతకం పెట్టాను.

ఇప్పుడా నివేదికలన్నీ కంప్యూటర్లోనే పంపుతారట. కిందటేటి అంకెను మళ్లీ చేత్తో రాసే శ్రమ కూడా తప్పిందేమో! మా వయసువాళ్లం ఎవరింటికి వెళ్లినా ముందుగా ఇచ్చిన మంచినీళ్లు మారుమాట లేకుండా తాగేవాళ్లం, ఇప్పుడు నేను ప్రతి గ్లాసునూ వెలుతురుకు ఎత్తి చూస్తాను. దీదీ మాత్రం నేనున్నన్నాళ్లూ ఆ పంపు నీళ్లే తాగుతూ వచ్చింది. నేను గది ఖాళీ చేసిన రోజున కోపమంతా మరిచిపోయి, దారిలో దాహమేస్తుందని ఒక సీసా నింపి ఇచ్చింది. బస్టాండు దాకా మోసుకెళ్లి, ఆమె కంటపడని చోట పారబోశాను.