మార్గరెట్ తలగుడ్డ

సలోమికి కోపం వస్తే స్కార్‌బరోలోని ఆ అపార్ట్‌మెంట్ మొత్తానికి వినిపిస్తుంది. చీరాల గొంతు మరి! భర్త ఎలియాజరు పోయాక వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకు స్నానాలు చేయిస్తూ ఒంటిచేత్తో సంసారం లాక్కొచ్చిన మనిషి. ఆ పని దగ్గరుండి నేర్పింది పక్క ఫ్లాట్ మార్గరెట్. సెయింట్ లూసియా అనే కరీబియన్ దీవి నుంచి వచ్చిన పెద్దావిడ. సలోమి ఆవిణ్ణి నోరారా అక్కా అనే పిలుస్తుంది.

ఏటా అక్టోబరు ఆఖర్లో ఆ దీవివాళ్లంతా కింద హాల్లో తమ సొంత భాష క్రియోల్ పేరిట పండగ చేసుకుంటారు. ఉప్పుచేప, ఉడికించిన అరటికాయలు, డప్పులు, ఫిడేలు. ఆ పూట వాళ్లలో వాళ్లు ఇంగ్లీషు మాట్లాడితే ఊరుకోరు. ఆటకి మొదట లేచేది మార్గరెట్టే, తల్లి ఇచ్చిపోయిన గళ్ల తలగుడ్డ కట్టుకుని. ఆ గుడ్డకు గంజి పెట్టి ఇచ్చేది సలోమి. చీరాలవాళ్లకి గంజి పెట్టడం ఒకరు నేర్పాలా?

ఆ ఏడు అక్కడి కాలేజీలు మన దేశం పిల్లల్ని విమానాలకొద్దీ దింపుకున్నాయి. ఉండటానికి చోటులేక అల్లాడుతుంటే జాలిపడి, అభిరామ్ అనే హైదరాబాద్ కుర్రాడికి ఒక గది ఇచ్చింది సలోమి. పండగనాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇల్లంతా బిర్యానీ వాసన. కుర్చీ మీద ఆరేసిన తలగుడ్డ గిన్నె మూత చుట్టూ బిగించి ఉంది, దమ్ కోసం! సగం పసుపు, సగం నూనె. ఒక అంచు కాలింది కూడా.

"ఏంట్రా ఇది?"

"అంకుల్‌ది పాత లుంగీ అనుకున్నా ఆంటీ. గుడ్డే కదా, ఆన్‌లైన్‌లో కొత్తది ఆర్డర్ పెడతా."

సలోమికి ఒళ్లు మండిపోయింది. గుడ్డే కదా అంటాడా, ఎంత పొగరు! ఎంత రుద్దినా మరక వదల్లేదు. చివరికి తీసుకెళ్లి మార్గరెట్ చేతిలో పెట్టి, "వంటింట్లో పాడైందక్కా" అని మాత్రం అనగలిగింది. ఆవిడ కాలిన అంచు తడిమి చూసుకుని, "పర్లేదు సలోమీ, గుడ్డే కదా" అంది ఇంగ్లీషులో, మెల్లగా. ఆ మాటకి సలోమికి ఇంకా మండింది. వాడి మాట ఈవిడ నోట ఎందుకు రావాలి?

సాయంత్రం డప్పులు మోగాయి. మార్గరెట్ ఉత్త తలతో మూల కుర్చీలో కూర్చుంది. ఎంతమంది పిలిచినా ఒంట్లో బాగాలేదంటుందే తప్ప లేవదు. అభిరామ్ మాత్రం ప్లేటు నిండా ఉప్పుచేప వడ్డించుకుని సెల్ఫీ దిగుతున్నాడు. సలోమి వెళ్లి ఆ ప్లేటు లాక్కుంది.

"ముందు వెళ్లి ఆవిడకి చెప్పు, ఏం చేశావో."

"చెప్తే ఫీలవుతారు కదా ఆంటీ."

"ఫీలవనీ! నువ్వూ ఫీలవ్వు. నడు!"

వాడు వెళ్లి నసుగుతూ జరిగింది చెప్పి, సారీ అన్నాడు. మార్గరెట్ వాడి మొహం చూసింది. పర్లేదు అనబోయి ఆగింది. లేచి నిలబడి క్రియోల్‌లో అందుకుంది. ఇన్నేళ్లలో ఆవిడ గొంతు అంత లేవడం సలోమి ఎన్నడూ వినలేదు. ఇంగ్లీషులో ఆవిడ ఎవర్నీ పల్లెత్తు మాట అని ఎరగదు. డప్పులు ఆగిపోయాయి. వాడు తల దించుకున్నాడు. ఆవిడ అమ్మ అమ్మ అంటూ ఏడుస్తూనే దులిపేస్తోంది.

అమ్మ అన్న మాట తప్ప సలోమికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా వెళ్లి ఆవిడ పక్కన నిలబడింది.

"తిట్టక్కా! కడుపులో పెట్టుకోకు, ఇంకా తిట్టు!" అని తెలుగులోనే అరిచింది.